పాత వాచీకి తగిన బెల్టు ఏది, చైను ఏది?

కీ ఇచ్చే పాత వాచీల సర్వీసింగు గురించి గత సంచికలో రాసిన తరువాత మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లోపలి యంత్రం గురించి కాక బెల్టుల గురించీ చైనుల గురించీ వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాము. జవాబులన్నింటి వెనకా ఉన్న అభిప్రాయం ఒక్కటే కనుక దాన్ని ముందే చెబుతున్నాను. పాత వాచీకి ఏది తగిలించినా రాపిడిలో అరిగేది తగిలించినదే కావాలి తప్ప వాచీ కేసు కాకూడదు. అందం, ధర, ఫ్యాషను ఆ తరువాతి సంగతులు.

ప్రశ్న: మా నాన్నగారు ఉద్యోగకాలమంతా కట్టుకున్న హెచ్.ఎం.టి. జనతా వాచీని బాగుచేయించి ఇప్పుడు నేను కట్టుకుంటున్నాను. బెల్టు తెగిపోతే దగ్గర్లోని దుకాణంలో కొత్తది వేయించాను. అది లావుగా ఉండి, అంచులు నలిగిపోయి, వాచీ చేతిమీద ఎత్తుగా కూర్చుంటోంది. ఏ కొలత, ఏ రకం అడగాలి? — మారతహళ్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ వాచీకి వేసింది బహుశా 20 మిల్లీమీటర్ల బెల్టు. ఇప్పటి మగవారి వాచీలు చాలావరకు 40 మి.మీ. లేదా అంతకన్నా పెద్ద కేసుతో వస్తున్నందువల్ల దుకాణాల్లో 20, 22 మి.మీ. బెల్టులే ఎక్కువగా వేలాడుతుంటాయి. ఉన్నదాన్నే నొక్కి ఎక్కించడం కొందరికి అలవాటైపోయింది. జనతా కేసు సుమారు 35 మి.మీ. ఉంటుంది, బెల్టును పట్టి ఉంచే కొమ్ముల మధ్య దూరం మామూలుగా 18 మి.మీ. అయినా ఆ అంకెను నమ్ముకుని కొనవద్దు. బెల్టు తీయించి, ఒక కొమ్ము లోపలి అంచు నుంచి ఎదుటి కొమ్ము లోపలి అంచు వరకు వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పనిముట్టుతో) కొలిపించండి. నలిగిన పాత బెల్టును కొలిస్తే తప్పుడు అంకె వస్తుంది. పాత స్విస్ వాచీల్లో 17, 19 మి.మీ. కూడా కనిపిస్తాయి. 17కు సరిపోయేది దొరక్కపోతే 18 మి.మీ. తోలు బెల్టు చివర రెండు వైపులా అర మిల్లీమీటరు చొప్పున చెక్కించుకోవచ్చు. మంచి చెప్పుల పనివారు ఆ పని శుభ్రంగా చేస్తారు. స్టీలు చైనుతో మాత్రం ఇటువంటి సర్దుబాటు చేయకూడదు.

వెడల్పు తరువాత చూడవలసింది మందం. దుకాణదారులు దీన్ని సాధారణంగా ప్రస్తావించరు, కానీ మీ ఇబ్బందికి సగం కారణం ఇదే. లోపల దూది లాంటి మెత్త పెట్టి ఉబ్బెత్తుగా కుట్టిన బెల్టులు పెద్ద వాచీలకోసం చేసినవి. జనతా లాంటి పలుచని వాచీకి కొమ్ముల దగ్గర రెండు మిల్లీమీటర్లకు మించని, మెత్త లేని, బకిలు వైపు సన్నబడే బెల్టు అడగండి. కొమ్ముల దగ్గర 18, బకిలు దగ్గర 16 లేదా 14 మి.మీ. ఉంటే పాత వాచీ ఆకారానికి చక్కగా నప్పుతుంది. కింది నుంచి పై దాకా ఒకే వెడల్పున్న బెల్టు వేస్తే అదే వాచీ చిన్నపిల్లల వాచీలా కనిపిస్తుంది.

లావు బెల్టు చేసే హాని కేవలం చూపుకు సంబంధించినది కాదు. మీ వాచీని బోర్లించి వెనక మూతమీద ఏమి చెక్కి ఉందో చదవండి. కొన్ని పాత వాచీల మీద ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉంటుంది. దాని అర్థం మూత ఒక్కటే స్టీలు అని, మిగిలిన కేసు ఇత్తడిమీద క్రోమియం పూత అని. నొక్కి ఎక్కించిన బెల్టు అంచులు చెమటను పీల్చుకుని కొమ్ముల లోపలి గోడలను అదేపనిగా ఒరుసుకుంటుంటే ముందు పూత పోతుంది, తరువాత ఇత్తడి ఆకుపచ్చగా మారి గుంటలు పడుతుంది. హెచ్.ఎం.టి. వాచీల తయారీ జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైంది, ఆ వాచీల సంస్థను మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. పాడైన కేసు స్థానంలో మచ్చలేని అసలు కేసు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. బెల్టుకు ఆ కొరత ఎన్నటికీ రాదు.

తోలు నాణ్యతను అంచు చూసి తెలుసుకోండి. బెల్టును మెల్లగా వంచి పక్కనుంచి చూస్తే, మంచి తోలులో పై పొర, లోపలి అస్తరు స్పష్టంగా రెండుగా కనిపించి గట్టిగా అంటుకుని ఉంటాయి. తోలు పొడిని జిగురుతో అదిమి చేసిన నాసిరకం బెల్టులో మధ్యన అట్టముక్కలాంటి పొర కనిపిస్తుంది, కొత్తదానిలోనే సన్నటి పగుళ్ళు పట్టుకుంటాయి. చర్మానికి తగిలేది అస్తరు కనుక పైన ఉన్న మెరుపుకన్నా దాన్నే ఎక్కువగా పరిశీలించాలి.

బెల్టు మార్చిన ప్రతిసారీ దాన్ని కొమ్ములకు పట్టి ఉంచే స్ప్రింగు పిన్నులు రెండూ కొత్తవి వేయించండి. ఇది నా గట్టి సలహా. తోలు తెగితే ముందుగా చిరుగు కనిపిస్తుంది. పిన్ను మాత్రం ఏ హెచ్చరికా లేకుండా ఊడి, వాచీని నేలమీద పడేస్తుంది. పాత పిన్నును వేళ్ళమధ్య పట్టుకుని కొనను గోటితో నొక్కి వదలండి. అది చటుక్కున బయటికి రాకుండా బద్ధకంగా వచ్చినా, కొన వంగినట్టు లేక తుప్పు రంగులో కనిపించినా దాన్ని పారేయవలసిందే. జనతా డయలు మీద రాసి ఉండే పారాషాక్ అనే ఏర్పాటు లోపలి బ్యాలెన్సు చక్రం ఇరుసును దెబ్బనుంచి కొంతవరకు కాపాడుతుంది, అద్దాన్నీ కీ గుండీనీ కాపాడదు. అంతకన్నా పాత వాచీలు చాలావాటిలో ఆ ఏర్పాటు కూడా ఉండదు. అవి ఒక్కసారి గచ్చుమీద పడితే వెంట్రుకంత సన్నటి ఇరుసు కొన విరిగిపోతుంది.

ప్రశ్న: నా పెళ్ళిలో మామగారు పెట్టిన బంగారు రంగు హెచ్.ఎం.టి. కాంచన్ వాచీ ఇప్పటికీ నడుస్తోంది. దానికి ఉన్న సాగే చైను వెంట్రుకలు లాగుతోంది, పైగా వదులైంది. మా అబ్బాయి కొత్త స్టీలు చైను వేయిద్దామంటున్నాడు. వేయించవచ్చా? — జాలహళ్లి నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: అయ్యా, రోజూ కట్టుకోవడానికైతే స్టీలు చైను వద్దు. మీ అబ్బాయి ఉద్దేశం మంచిదే, కానీ మీ వాచీ కేసు పైన ఉన్నది బంగారు పూత. పాత వాచీల వెనక ‘10 మైక్రాన్లు’, ‘20 మైక్రాన్లు’ అని చెక్కి ఉండటం మీరు చూసే ఉంటారు. పది మైక్రాన్లంటే మిల్లీమీటరులో నూరో వంతు. అంత పలుచని పూత పక్కన గట్టి స్టీలు ముక్క చేయి కదిలినప్పుడల్లా ఒరుసుకుంటూ ఉంటే ముందుగా కొమ్ముల లోపలివైపు, ఆ తరువాత వాటి కొనలు తెల్లబడటం ఖాయం. పూత పోయిన కేసుకు మళ్ళీ పూత వేయిస్తామని చెప్పేవారున్నారు. పూతకు ముందు కేసును సానబెట్టక తప్పదు, ఆ సానలో అంచుల పదునూ చెక్కిన అక్షరాలూ అరిగి వాచీ తన ముఖకవళికలు పోగొట్టుకుంటుంది. కాబట్టి ఉన్న పూతను కాపాడుకోవడమే మార్గం.

సాగే చైను గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో పెట్టెల అడుగున ఉన్న పాత వాచీల్లో చాలావాటికి ఇవే ఉన్నాయి. అమెరికాలో స్పైడెల్ కంపెనీ 1959లో తెచ్చిన ట్విస్ట్-ఓ-ఫ్లెక్స్, జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ నుంచి వచ్చిన ఫిక్సోఫ్లెక్స్ ఈ తరహాలో పేరుపొందాయి. వీటిలో చిన్న చిన్న గొట్టాల్లాంటి లింకులను లోపల ఉండే సన్నటి స్ప్రింగు రేకులు కలిపి ఉంచుతాయి. సాగినప్పుడు లింకుల మధ్య సందు తెరుచుకుంటుంది, మూసుకునేటప్పుడు వెంట్రుక అందులో చిక్కుతుంది. ఆ రేకులు ఏళ్ళ తరబడి సాగి బలం కోల్పోతే చైను వదులవుతుంది. ఆ వదులుకు మరమ్మతు దాదాపు లేదు. కొన్ని లింకులు తీసేస్తే బిగుతు వస్తుంది కానీ స్ప్రింగు బలం తిరిగి రాదు. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి చైను రెండు చివర్లలో ఉంది. ఏ వాచీకైనా సరిపోవాలని, జరిగే రేకు మూతలు పెడతారు, ఆ రేకు అంచులు కొమ్ములకు గీతలు పెడతాయి. మీ వాచీ నుంచి చైను తీయించి, కొమ్ముల లోపలి గోడలను వెలుతురులో చూస్తే ఆ గీతలు మీకే కనిపిస్తాయి.

నేను సూచించేది ఇది. రోజువారీకి ముదురు గోధుమరంగు లేదా నల్లని సాదా తోలు బెల్టు వేయించి, దానికి బంగారు రంగు బకిలు పెట్టించండి. పాత చైనును పారేయవద్దు. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల సబ్బు ద్రావణం వేసి, వాచీ నుంచి పూర్తిగా విడదీసిన చైనును మాత్రమే అందులో నానబెట్టి, మెత్తటి పళ్ళబ్రష్షుతో తోమి, పొడిగుడ్డలో ఆరబెట్టి భద్రపరచండి. అల్లుడికి బంగారు రంగు వాచీ పెట్టడం ఒక మర్యాదగా చెల్లిన కాలపు వస్తువు అది. పండుగనాడు, పెళ్ళినాడు ఆ చైనుతోనే కట్టుకోండి, కొన్ని గంటల రాపిడితో వాచీకి వచ్చే నష్టం పెద్దది కాదు.

స్టీలు కేసు ఉన్న పాత వాచీకి స్టీలు చైను వేసుకోవాలనుకునే ఇతర పాఠకులకు కూడా ఇక్కడే రెండు మాటలు చెబుతాను. చివర నిటారుగా ఉన్న చైను కొమ్ముల కొలత సరిపోతే ఏ వాచీకైనా పడుతుంది, కానీ కేసుకూ దానికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. వంపు చివరలున్న చైను అందంగా అతుక్కున్నట్టుంటుంది, అయితే ఆ వంపు మీ వాచీ కేసు గుండ్రదనానికి కచ్చితంగా సరిపోవాలి. సుమారుగా సరిపోయిన వంపు చివర లోపల కదులుతూ కేసును తినేస్తుంది. అటువంటప్పుడు నిటారు చివరే మేలు. వాడిన చైను కొనేటప్పుడు దాన్ని పక్కకు తిప్పి, లింకులు అడ్డంగా ఉండేలా ఒక చివర పట్టుకోండి. గట్టిగా ఉన్నది కొద్దిగానే వంగుతుంది. లోపలి పిన్నులు అరిగినది ధనుస్సులా కిందికి వాలిపోతుంది. జెనీవాలోని గే ఫ్రేర్ లాంటి పేరున్న తయారీదారుల పాత చైనులకు కూడా ఈ పరీక్ష తప్పదు. ఆ సంస్థను రోలెక్స్ 1998లో తనలో కలుపుకుంది, దాని పాత సరుకుకు ఇప్పుడు ధర ఎక్కువ. ధర చూసి అరుగుదలను మరచిపోకూడదు.

ప్రశ్న: పాత సీకో వాచీ కట్టుకుంటున్నాను. కొత్త తోలు బెల్టు వేసినప్పటి నుంచి మణికట్టు దురదపెట్టి ఎర్రబడుతోంది. తోలు పడదని అర్థమా? — యలహంక నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మచ్చ ఎక్కడ ఉందో ముందు గమనించండి, సగం సమాధానం అందులోనే ఉంది. మణికట్టు లోపలివైపు బకిలు ఆనే చోట మాత్రమే ఎర్రబడితే తప్పు తోలుది కాకపోవచ్చు. చవకరకం బకిళ్ళ పూతలో ఉండే నికెల్ చాలామంది చర్మానికి పడదు. చేతి చుట్టూ బెల్టు వెడల్పున మచ్చ ఉంటే తోలులోని రసాయనం కావచ్చు, లేదా బెల్టు కింద నిలిచిపోయిన చెమట, సబ్బు కావచ్చు. గుండ్రంగా వాచీ అడుగున మాత్రమే ఉంటే వెనక మూతను శుభ్రం చేయించాలి. దురద తగ్గకపోతే చర్మవ్యాధుల వైద్యులు ప్యాచ్ పరీక్ష చేసి కారణం తేల్చగలరు.

నేడు బజారులో దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో ఊనినది, అంటే పదును చేసినది, కొందరికి అది సరిపడదు. చెట్ల బెరడుతో ఊనిన తోలు మీరు ప్రయత్నించవచ్చు. తంగేడు చెక్కతో, కరక్కాయతో తోలును ఊనడం దక్షిణాదిలో తరాలనాటి విద్య. ఆంబూరు, రాణిపేట, వాణియంబాడి ప్రాంతాల తోళ్ళ పరిశ్రమ మనకు కొన్ని గంటల ప్రయాణ దూరంలోనే ఉంది కనుక బెంగళూరులో చేతితో బెల్టులు కుట్టేవారి దగ్గర అటువంటి తోలు దొరకడం కష్టం కాదు. బకిలు మాత్రం పూత లేని స్టెయిన్‌లెస్ స్టీలుది కావాలని పట్టుబట్టండి.

వ్యాయామం, వంటపని, వానాకాలపు బస్సు ప్రయాణం ఉన్న రోజుల్లో తోలుకన్నా అల్లిన పెర్లాన్ బెల్టు హాయిగా ఉంటుంది. పెర్లాన్ 1938లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ష్లాక్ కనిపెట్టిన ఒక రకం నైలాన్. ఈ బెల్టుకు రంధ్రాలుండవు, బకిలు ముల్లు అల్లికలో ఎక్కడైనా దిగుతుంది కాబట్టి చేయి ఉబ్బినా సన్నబడినా కావలసినంత బిగించుకోవచ్చు. రాత్రి సబ్బుతో ఉతికి ఆరేస్తే తెల్లవారేసరికి ఆరిపోతుంది. పలుచగా, తేలికగా ఉంటుంది కనుక పాత వాచీలకు బాగా నప్పుతుంది. ఇంత మంచి వస్తువును మన దుకాణాలు ఎందుకు విరివిగా తెప్పించడం లేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ప్రశ్న: సైన్యంలో పనిచేసిన మా తాతగారి వెస్ట్ ఎండ్ వాచీ నా దగ్గర ఉంది. బెల్టు తగిలించే కడ్డీలు ఊడి రావడం లేదు, కొమ్ములకే అతికి ఉన్నాయి. వాటిని కోసి స్ప్రింగు పిన్నులు పెట్టవచ్చని ఒక దుకాణంలో చెప్పారు. పెట్టించమంటారా? — జయనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: దయచేసి కోయించవద్దు. అవి ఊడిరావడానికి చేసినవి కావు, అతికించినవి. జేబు గడియారం చేతికెక్కిన తొలి దశాబ్దాల్లో కేసుకు తీగ వంచి అతికించి, దానిలోంచి తోలు పట్టీ దూర్చేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల చేతులమీద ఉన్నవి ఎక్కువగా అటువంటివే. ఆ తరువాత కూడా సైన్యానికి చేసిన వాచీల్లో పిన్ను ఊడే ప్రమాదం లేకుండా కడ్డీని కొమ్ములకే బిగించడం కొనసాగింది. 1886లో బొంబాయిలో మొదలైన వెస్ట్ ఎండ్ సంస్థ వాచీలు మన దేశంలో సైనికుల నుంచి రైల్వే ఉద్యోగుల వరకు ఎందరో కట్టుకున్నారు. అటువంటి వాచీకి ఆ కడ్డీలే పుట్టుమచ్చ. కోసి రంధ్రం వేస్తే తిరిగి మునుపటిలా చేయలేరు, అతకడానికి వేడి తగిలిస్తే డయలు కూడా చెడిపోవచ్చు.

మీకు రెండు దారులున్నాయి. మొదటిది, ఒకే పొడుగు పట్టీగా ఉండి రెండు కడ్డీల కిందుగా వాచీ అడుగునుంచి దూరిపోయే నైలాన్ బెల్టు. బ్రిటిష్ రక్షణశాఖ 1973లో తన సైనికుల వాచీలకు ఇటువంటి బూడిదరంగు నైలాన్ పట్టీకి కొలతలు నిర్ణయించింది. నేడు దీన్నే ‘నాటో బెల్టు’ పేరుతో అమ్ముతున్నారు. అసలు నమూనాలో వాచీ కిందికి రెండో పొర కూడా వస్తుంది, దానివల్ల చిన్న వాచీ ఎత్తుగా కూర్చుంటుంది. ఒకే పొర ఉన్న రకాన్ని ఎంచుకోండి. కడ్డీకీ కేసుకూ మధ్య సందు చాలా తక్కువగా ఉంటే నైలాన్‌ను బలవంతంగా దూర్చవద్దు.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టమైనది. చివర తెరిచి ఉన్న తోలు బెల్టును కడ్డీ చుట్టూ తిప్పి, వెనక్కి మడిచి, అక్కడే చేతికుట్టు వేయడం. దీన్ని వాచీ దుకాణంలో కాక తోలు సంచులు కుట్టేవారి దగ్గర చేయించాలి. వాచీని వారి చేతిలో పెట్టేముందు అద్దానికీ కేసుకూ మెత్తటి గుడ్డ చుట్టి, కుట్టు వేసేంతసేపూ పక్కనే ఉండండి. జిగురుతో అంటించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు, చెమటకు జిగురు వదులుతుంది.

ప్రశ్న: అమ్మమ్మ చిన్న వాచీకి వెనకటి కాలంలో ఉడుము తోలు బెల్టు ఉండేదట. అటువంటిదే ఒకరు అమ్ముతామంటున్నారు. కొనవచ్చా? — బసవనగుడి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము అత్యంత రక్షణ కలిగిన మొదటి షెడ్యూలులో ఉంది. దాని తోలు అమ్మడమూ కొనడమూ నేరమే. ఉడుము, మొసలి పొలుసుల అచ్చు వేసిన దూడతోలు బెల్టులు దొరుకుతాయి. ఆడవారి పాత వాచీలకు 8 నుంచి 14 మి.మీ. వరకు కొలతలుంటాయి కనుక వాచీని వెంట తీసుకెళ్ళి అక్కడే సరిచూసుకోండి.

ప్రశ్న: బెల్టు మార్పు ఇంట్లోనే చేసుకోవచ్చా? పాత బకిలు ఉంచుకోవాలా? — మల్లేశ్వరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. కత్తి, పిన్నీసు, చిన్న స్క్రూడ్రైవరు మాత్రం వాడవద్దు, పాత వాచీల కొమ్ముల వెనక కనిపించే లోతైన గీతలు ఎక్కువగా వీటి పుణ్యమే. ఒక చివర పంగ, మరో చివర సూది ఉండే బెల్టు పనిముట్టు చవకగానే దొరుకుతుంది. బల్లమీద మందపాటి గుడ్డ పరిచి వాచీని బోర్లించండి. కొమ్ముల వెనకవైపు సెలోటేపు అతికించి, పంగను బెల్టుకూ కొమ్ముకూ మధ్య దూర్చి, పిన్ను మెడను పట్టుకుని లోపలికి నొక్కుతూ మెల్లగా ఎత్తండి. ఆ సమయంలో పైన ఒక వేలు అడ్డం ఉంచకపోతే పిన్ను ఎగిరి గదిలో ఎక్కడో పడుతుంది. కొత్తది పెట్టేటప్పుడు పిన్ను ఒక కొనను ముందు రంధ్రంలో ఉంచి, రెండో కొనను నొక్కి జరిపితే ‘టిక్’ మని చప్పుడు వస్తుంది. చప్పుడు విన్నంత మాత్రాన వదిలేయక, పనిముట్టుతో పిన్నును అటూ ఇటూ కదిపి, బెల్టును రెండు మూడు సార్లు లాగి చూడండి. పొట్టి ముక్క పన్నెండు అంకె వైపు, పొడుగు ముక్క ఆరు అంకె వైపు రావాలి.

పాత బకిలు మీద కంపెనీ గుర్తు ఉంటే దాన్ని తప్పక ఉంచుకోండి. బెల్టులు ఎన్ని మారినా బకిలు మారనవసరం లేదు, విడిగా కొనాలంటే అసలు బకిలు దొరకడం కష్టం. దాని లోపలి వెడల్పు కొలిచి, కొత్త బెల్టు ఆ చివర అదే వెడల్పున ఉండేలా కుట్టించుకోండి. లోపల తుప్పు ఉంటే ముల్లు పట్టుకున్న చిన్న పిన్నును కూడా అప్పుడే మార్పించండి.